కింది అర

చీటీల డబ్బాలో చెయ్యి పెట్టేముందు లెక్కలక్క అరచేతిని చీరకొంగుతో తుడుచుకుంది. తడిచేతికి ఏ చీటీ అంటుకుంటే అదే పైకొస్తుంది, అలా వచ్చినదాన్ని అదృష్టం అనరని ఆమె లెక్క. అంతకుముందే డబ్బాను బోర్లించి, అడుగున ఏదీ అతికించి లేదని వీధి మొత్తానికి చూపించింది. ఇప్పుడు కళ్లు మూసుకుని ఒక చీటీ తీసి, విప్పకుండానే మునిసిపాలిటీ ప్లాను సారు చేతికిచ్చింది.

"మూల కొట్టు," అన్నాడాయన.

హాల్లో వెనక వరసలో ఎవరో "అమ్మ లెక్కలక్కా!" అన్నారు. ఆ మాటలో మెప్పెంత, ఏడుపెంత అని ఆమె బేరీజు వేసుకుంది. సగం సగం. కోడలు మాత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపేసింది.

"మూల కొట్టత్తయ్యా! రెండువైపులా అద్దాలు పెట్టించుకోవచ్చు!"

"ఊపకే. చెయ్యి ఊడి నీ చేతికొస్తుంది," అంది లెక్కలక్క. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

ఏటి ఒడ్డున పల్లంలో ఉన్న వాళ్ల వీధిని ఖాళీ చేయించి, ఆ నేలను మెట్లుమెట్లుగా తవ్వి వదిలేయాలని మునిసిపాలిటీ ప్లాను. వరదొస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయి, రానప్పుడు జనం కూర్చుంటారు. కొట్లవాళ్లకి మిట్ట మీద, బస్టాండు వెనక కొత్త వరస కట్టించారు. దానికి వీధిలో ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్రతి వానాకాలం సరుకు నెత్తికెత్తుకుని మేడలెక్కి విసిగినవాళ్లే అందరూ. గొడవంతా ఎవరికి ఏ కొట్టు అన్న దగ్గర వచ్చింది. ప్లాను సారు మొదట తనే ఒక పటం గీసి, ఏ గడి ఎవరిదో రాసి గోడకి తగిలించాడు. అందులో మూల కొట్టు ఇనుప సామాన్ల ఆయనకు రాసి ఉంది. లెక్కలక్క చూపు ఆ గడి దాటి ముందుకు పోలేదు.

"సారు ఇల్లు కట్టిస్తున్నారట కదా," అంది నిండు సభలో, ఏమీ ఎరగనట్టు. "మేకులు ఎవరి కొట్టు నుంచి వెళ్తున్నాయో?"

ఇక ఆ పటం ఆ పూటే గోడ దిగింది. చీటీలు వేస్తే తప్ప ఒప్పుకోమని వీధంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ వీధి ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. సారు మొహం ఎర్రబడింది. పటాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చీటీలు ఒకటొకటే తేలుతున్నాయి. లెక్కలక్కదీ గుడ్డల కొట్టే. ఆమె పక్క గుడ్డల కొట్టాయనకు వరస నడిమధ్యన వచ్చింది. మాటల తీపి చూసి వీధిలో ఆయన్ని తేనెసీసా అంటారు. ఆయన పక్కది ఇనుప సామాన్ల ఆయనకు, దాని పక్కది టీ కొట్టతనికి, ఆ పక్కది టైలరుకు వచ్చాయి. ఆఖరున డబ్బాలో మిగిలిన చీటీ గుండీలవ్వది.

"చివరి కొట్టు. నీళ్ల ట్యాంకు పక్కది," అని చదివాడు ప్లాను సారు, ఈసారి కొంచెం నెమ్మదిగా.

అవ్వ ఆ చీటీ అడిగి తీసుకుంది. పాత మడతల మీదే మళ్లీ మడిచి, రవికలో దోపుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

"ఇష్టమైతే మీలో మీరు మార్చుకోవచ్చు," అన్నాడు సారు. "ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి. శనివారం సాయంత్రం దాకా టైముంది. తాళాలిచ్చేశాక ఇక మార్పుల్లేవు."

"మార్చుకోవడమా! మా వీధిలోనా సారూ!" అన్నాడు టైలరు. హాలంతా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది.

మర్నాడు పాత కొట్లో సరుకు కట్టడం మొదలుపెట్టారు. ఏటి వీధిలో ఏ కొట్లోనూ కింది అరలో సరుకుండదు. చీపురు, చెప్పులు, ఖాళీ అట్టపెట్టెలు ఉంటాయి. రెండో అరలో, తడిసినా ఉతికి అమ్ముకోగల ముదురు రంగు గుడ్డలు. పైకి పోయేకొద్దీ సరుకు ఖరీదు పెరుగుతుంది. అన్నిటికంటే పైన, కప్పు కింద, తెల్లగుడ్డ. బురదనీళ్లు ఒకసారి తగిలితే తెల్లగుడ్డ మసిబట్టకి తప్ప పనికిరాదు. ఎక్కువమంది అడిగేదీ అదే. కాబట్టి రోజంతా నిచ్చెన ఎక్కడం, దిగడం.

ఆ నిచ్చెన రెండు గుడ్డల కొట్లకీ ఒక్కటే. కొన్నదెవరో ఇద్దరికీ గుర్తులేదు. తనదేనని మాత్రం ఇద్దరికీ గట్టి నమ్మకం.

"అక్కయ్యా, నిచ్చెన కాస్త ఇటు పంపిస్తారా?" గోడ అవతల నుంచి తేనెసీసా.

"వాడుతున్నాం. ఆగవయ్యా."

"ఆగుతానక్కయ్యా. మీకోసం ఆగకపోతే ఇంకెవరికోసం ఆగుతాను?"

"విన్నావా," అంది లెక్కలక్క కోడలితో. "ఆ గొంతుకి చీమలు పట్టవేం?"

పదింటికి ఒక నర్సు వచ్చింది. యూనిఫాంకి తెల్లగుడ్డ కావాలంది. కట్టిన మూటల మధ్య నుంచి కోడలు నిచ్చెన లాక్కొచ్చి, ఎక్కి, చుట్ట భుజాన వేసుకుని దిగింది. నర్సు అంచుని వేళ్ల మధ్య నలిపి చూసింది, వెలుతురుకి పట్టి చూసింది.

"పక్కన కూడా చూసొస్తానండీ."

"చూసి రామ్మా. తొందరేముంది," అంది లెక్కలక్క. తొందరపడి ఆ పక్కవాడి సరుకు కొనేది ఎవరన్న అర్థం వచ్చేట్టు అంది.

గోడ అవతల తేనెసీసా గొంతు వినిపించింది. "అక్కయ్య దగ్గర చూశారా? మంచి సరుకమ్మా ఆవిడది. కాస్త పలచన, అంతే."

లెక్కలక్క మీటరు కడ్డీతో బల్ల మీద టకటక కొట్టింది. ఎక్కువసేపు కొట్టనక్కర్లేకపోయింది. నర్సు తిరిగొచ్చి, "మీదే ఇవ్వండి," అంది. లెక్కలక్క కొలిచి, కత్తెరతో అంచు మీద చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి చర్రున చింపింది. ఆ చప్పుడంటే ఆమెకి ఇన్నేళ్ల తర్వాత కూడా ఇష్టమే. నర్సు పొట్లం పట్టుకుని రెండడుగులు పక్కకి వేసి గుండీలవ్వ దగ్గర ఆగింది. అవ్వ పొట్లం విప్పించి, గుడ్డ మీద ఒక గుండీ పెట్టి చూపించింది, తీసేసింది, ఇంకోటి పెట్టింది. అక్కణ్ణుంచి టైలరు కొట్టు. ఒకే చూరు కింద, ఎండలోకి తల పెట్టకుండా, నర్సు పని పూర్తయింది.

"మూల కొట్టుకి పోయాక ఈ పక్కకి పోయే బాధ ఉండదత్తయ్యా," అంది కోడలు నిచ్చెన ఆనిస్తూ. "అక్కడ మన పక్కన గుడ్డల కొట్టే లేదుగా."

అదీ నిజమే అనబోయి లెక్కలక్క ఆగిపోయింది.

పక్కన గుడ్డల కొట్టు లేకపోతే, పక్కన చూసొస్తానన్న మనిషి ఎక్కడికి పోతుంది? పెద్ద బజారుకి పోతుంది. పోయినది తిరిగొస్తుందా? రెండోది చూడందే మొదటిది బాగుందని ఎవరికీ అనిపించదు. ఇన్నాళ్లూ తేనెసీసా తన బేరాలు లాక్కుంటున్నాడని రాసుకున్న పద్దంతా ఆమె మనసులో తలకిందులైంది. లాక్కున్నవి కనిపిస్తూ వచ్చాయి. తిప్పి పంపినవాటిని ఆమె ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ మాట కోడలితో అనలేదు. సరిగ్గా తేలని లెక్క పైకి చెప్పడం ఆమెకి అలవాటు లేదు.

మధ్యాహ్నం లెక్కలక్క వెళ్లి గుండీలవ్వ కొట్టు ముందు నిలబడింది. కొట్టంటే టైలరు గోడకీ వీళ్ల గోడకీ మధ్య ఒక మనిషి పట్టే చోటు. గోడ నిండా రేకు డబ్బాలు. ఏ డబ్బాలో ఏ గుండీ ఉందో మూతకి ఒకటి కుట్టి ఉంటుంది. అవ్వ ఒక్కో డబ్బాను దులిపి, చెవి దగ్గర ఆడించి, గోనెసంచిలో పెడుతోంది.

"మిట్ట మీదికి ఎప్పుడు సర్దుతావవ్వా?"

"మిట్టకెందుకే? టైలరు తీసుకుంటానన్నాడు, మొత్తం ఇచ్చేస్తున్నా."

"అదేం?"

"ట్యాంకు పక్కన గుండీలెవరు కొంటారే? ట్యాంకుకి కాజాలు కుట్టి పెట్టనా?"

అవ్వ తన జోకుకి తనే నవ్వింది. లెక్కలక్కకి నవ్వు రాలేదు. గుండీ కోసం ఎవరూ ఇంట్లోంచి బయల్దేరరు. గుడ్డ కొన్నాక గుర్తొస్తుంది. లోపల మిషను ఆపి టైలరు తల బయటపెట్టాడు.

"అడుగుతున్నారేంటక్కా? చీటీలు వేయాల్సిందే అన్నది మీరే కదా. న్యాయంగా పడ్డాయి."

"నువ్వు చప్పట్లు కొట్టలేదా?"

"కొట్టాను. అందరం కొట్టాం. నా సంబడం చూడండి ఇప్పుడు. అటు టీ కొట్టు, ఇటు చెప్పుల కొట్టు. చెప్పులు కొన్నవాడు చొక్కా కుట్టించుకుంటాడని ఎదురుచూడాలి," అని మళ్లీ మిషను తొక్కాడు.

శుక్రవారం పొద్దున్నే లెక్కలక్క ఒక్కతే మిట్ట మీదికి వెళ్లింది. మూల కొట్టు తాళం ఇంకా చేతికి రాలేదు. బయట అరుగు మీద కూర్చుని చూసింది. బస్సు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు గుంపులుగా పోతున్నారు. అందరూ పోయేవాళ్లే. మెడ తిప్పి చూసినా కాలు ఆగడం లేదు. బస్సు అందుకోవాల్సిన మనిషి గుడ్డ నలిపి, వెలుతురుకి పట్టి చూడడు.

ఇనుప సామాన్ల ఆయన కూడా వచ్చాడు. ఆమెని చూడనట్టు నటిస్తూ, మూల దగ్గర రోడ్డు వెడల్పు అడుగులతో కొలిచాడు. తర్వాత తన నడిమి కొట్టు ముందుకి వెళ్లి, సన్నటి నడవలో రెండు చేతులూ చాపి, చువ్వలు ఎలా తిప్పాలో గాల్లో తిప్పి చూసుకుని, చేతులు దించేశాడు. కాసేపటికి టీ కొట్టతను బకెట్టుతో ట్యాంకు దగ్గర తేలాడు. నింపుకుని తన కొట్టు దాకా మోసుకొచ్చి, దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

లెక్కలక్క అరుగు మీద నుంచి లేవలేదు. బేరం తెలిసినవాళ్లకి ఎదుటివాడికి ఏం కావాలో ముందు కనిపించాలి. చీటీల రోజు నుంచి ఆ వీధిలో ఎవరికి వాళ్లు తమకి కావాల్సిందే చూసుకుంటున్నారు. తనతో సహా.

ముందు కోడలికి చెప్పాలి. ఇంటికొచ్చి చెప్పింది.

"చేతికొచ్చిన అదృష్టాన్ని దానం చేస్తారా?" అంది కోడలు. పళ్లెం చప్పుడయ్యేలా పెట్టింది.

"దానం కాదే, మార్పిడి. మూల ఇనుపాయనకిచ్చి ఆయన కొట్టు మనం తీసుకుంటాం. అప్పుడు తేనెసీసా మన పక్కన ఉంటాడు."

"ఆయన పక్కన ఉంటే లాభమని మీరంటున్నారా? మీరు?"

"నేనే అంటున్నాను."

"ఊళ్లోవాళ్లు నవ్వుతారు."

"నవ్వడానికైనా కొట్టు దాకా వస్తారుగా."

కోడలు నవ్వలేదు. ఆ పూటంతా గుడ్డలు ఎప్పుడూ లేనంత అడ్డదిడ్డంగా మడిచి మూటలు కట్టింది. లెక్కలక్క ఆ మూటలు విప్పలేదు, మళ్లీ మడవలేదు. కోడలికి రెండువైపులా అద్దాలు కావాలన్నది చిన్న కోరికేమీ కాదని ఆమెకి తెలుసు. తన లెక్క తప్పితే ఈ ఇంటి బతుకంతా ఆ తప్పు మీదే నడవాలనీ తెలుసు.

ఇనుప సామాన్ల ఆయన అనుమానపడ్డాడు.

"మూల కొట్టు ఊరికే ఇస్తావా?"

"ఊరికే ఎవరిచ్చారు? నీది నాకివ్వు."

"నా కొట్లో ఏముందని?" ఆయన అప్పటికప్పుడు మిట్ట మీదికి పోయి, తన నడిమి కొట్టు గోడలు పిడికిలితో కొట్టి చూసుకుని, చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఏమీ దొరకలేదు. "ఏదో ఉంది. నువ్వు చెప్పవు," అన్నాడు. "సరే, పెడతా పద సంతకం."

"ఆగు. రేపు. ఇంకొకళ్లు ఉన్నారు."

టీ కొట్టతను ఇంకా మొండికేశాడు. నడిమి కొట్టు అవ్వకిచ్చి చివరికి పోతే టీ ఎవడు తాగుతాడన్నాడు.

"నువ్వు కేటిల్ పట్టుకుని వీధంతా తిరుగుతావు కదరా. టీ మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. గుండీలు రావు," అంది లెక్కలక్క. "రోజుకెన్ని బకెట్లు మోస్తావు? నీ నడుం నాకు కాదు, నీకు కావాలి."

అతను నడుం మీద చెయ్యేసుకున్నాడు. చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు ఆలోచించాడు. "వరసంతా నా టీయే తాగాలి మరి," అన్నాడు.

"బాగుంటే తాగుతాం."

"ఇప్పుడు తాగట్లేదా?"

"ఇప్పుడు వేరే దిక్కు లేక తాగుతున్నాం."

దాంతో బేరం కుదిరింది. అన్నిటికంటే కష్టమైనది అవ్వ.

"జాలిపడి ఇస్తే నాకొద్దే," అంది, డబ్బా చెవి దగ్గర ఆడిస్తూ.

"జాలా! నువ్వు లేకపోతే నా తెల్లగుడ్డకి గుండీ ఎవరు పెట్టి చూపిస్తారు? అది చూసే కదా మనుషులు కుట్టించుకునేది. నీ పక్కన ఉండటం నా అవసరం. నీకది నచ్చకపోతే చెప్పు, ఇంకో గుండీలావిడని వెతుక్కుంటా."

"ఎక్కడుందే ఇంకో గుండీలావిడ?" అంది అవ్వ కోపంగా. గోనెసంచిలోంచి డబ్బాలు తీసి మళ్లీ గోడకి పెట్టడం మొదలెట్టింది. రేపటికి మళ్లీ కట్టాల్సినవే.

శనివారం మధ్యాహ్నం నలుగురూ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లారు. కోడలు కూడా వచ్చింది, అత్త చేతిసంచి పట్టుకుని. గది చిన్నది. గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్కకి అడ్డంగా ఒక కాగితపు చుట్ట దూర్చి ఉంది. ప్లాను సారు చీటీల ప్రకారం గీసిన పటం బల్ల మీద పరిచి, వాళ్లు చెప్పిన రెండు మార్పిళ్లూ పెన్సిల్‌తో వేశాడు. వేసి, ఒకసారి చూసి, నవ్వాడు.

"ఎందుకు నవ్వుతున్నారు సారూ?" అంది లెక్కలక్క.

ఆయన లేచి కిటికీలోని చుట్ట లాగి, విప్పి, పక్కన పరిచాడు. గోడ దిగిన మొదటి పటం. కిటికీ టపటపా కొట్టుకుంటోంది. లెక్కలక్క ఈసారి మూల గడి దగ్గర ఆగకుండా చివరిదాకా చదివింది. మూలన ఇనుప సామాన్లు. మధ్యన గుడ్డలు, పక్కన గుడ్డలు, గుండీలు, టైలరు. ట్యాంకు పక్కన టీ. చెప్పుల కొట్టూ మరో రెండూ అటూ ఇటూ అయ్యాయి గానీ మిగతాదంతా, ఆమె రెండు రోజులు తిరిగి తిరిగి కూర్చిన వరసే.

"ఎలా గీశారు ఇది?" అంది.

"మీ వీధిలో టీ తాగుతూ. ఎవరు ఏ కొట్టు నుంచి ఏ కొట్టుకి పోతున్నారో చూస్తూ కూర్చునేవాణ్ని."

"నేను చెప్పలేదూ," అన్నాడు టీ కొట్టతను ఎవరితోననీ కాకుండా. "నా టీ ఊరికే పోదని."

"మరి ఆ రోజే చెప్పకపోయారా సారూ?"

"మేకుల సంగతి తేలాక చెబుదామనుకున్నానమ్మా." ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఉంది గానీ కోపం లేదు. "ఇల్లు కడుతున్నది మా బావమరిది. మేకులు కూడా మీ వీధివి కావు."

"వచ్చి అడిగి ఉంటే తగ్గించి ఇచ్చేవాణ్నిగా!" అన్నాడు ఇనుప సామాన్ల ఆయన నొచ్చుకుని.

కోడలు ఫక్కున నవ్వేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. లెక్కలక్క కోడలి వైపు చూసి, పటం వైపు చూసి, "ఎక్కడ సారూ సంతకం?" అంది. పెట్టేటప్పుడు చెయ్యి తుడుచుకోలేదు.

ఆదివారం సామాన్లు చేరాయి. నిచ్చెన ఎవరి బండిలో వెయ్యాలో తేలక కాసేపు రోడ్డు మీదే ఉండిపోయింది. ఆఖరికి తేనెసీసా బండిలో ఎక్కింది. ఆయన కొత్త కొట్టు తలుపు తీసి, పక్కన తాళం తీస్తున్న లెక్కలక్కని చూసి, "అయ్యో అక్కయ్యా! మళ్లీ మీరేనా!" అన్నాడు. అప్పటికే ఆమె కోసం ఒక కుర్చీ తెచ్చి వేసి ఉంచాడు.

"తప్పించుకుందామనుకున్నావా?"

"తప్పించుకుని ఎక్కడికి పోతానక్కయ్యా? మీరు మూలకి పోతున్నారంటే మూడు రోజులుగా నాకు అన్నం దిగలేదు." ఈసారి ఆ మాటలో తీపి కలపడం మర్చిపోయాడు.

మంగళవారం పొద్దున్న వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి ఏరు ఒడ్డు దాటింది. మిట్ట చివర నుంచి చూస్తే పాత వీధి మొత్తం కనిపిస్తుంది. అందరూ చూరు అంచున నిలబడ్డారు. తలుపులు, రెక్కలు ముందే ఊడదీసుకొచ్చేశారు కాబట్టి నీళ్లు ఏ గుమ్మం దగ్గరా ఆగలేదు, ఇటు నుంచి దూరి అటు నుంచి పోతున్నాయి. ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ ఎవర్నీ కేకేయలేదు. చేతులు ఏం చేయాలో తోచక ఇనుప సామాన్ల ఆయన జేబులో పెట్టుకున్నాడు. అవ్వ తన పాత సందులోకి నీళ్లు పోవడం చూసి, "పోనీ. కడుక్కోనీ," అంది. టీ కొట్టతను కేటిల్‌తో వచ్చి అడక్కుండానే అందరికీ పోశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు లెక్కలక్కతో.

ఆమె ఒక గుక్క తాగి ఆలోచించింది. "వేడిగా ఉంది."

తడిసిన గొడుగుతో ఎవరో పరుగెత్తుకొచ్చి చూరు కిందికి చేరారు. నర్సు. రెండో యూనిఫాంకి గుడ్డ కావాలంది. వరస అటు నుంచి ఇటు చూసుకుని, "మీరంతా ఇక్కడే ఉన్నారా! బతికిపోయాను," అంది. గుడ్డ నలిపి చూసి, పక్కన కూడా చూసొస్తానంది.

"చూసి రామ్మా," అంది లెక్కలక్క.

గోడ అవతల తేనెసీసా గొంతు మొదలైంది. లెక్కలక్క బల్ల మీద కడ్డీతో కొట్టలేదు. కొట్లోకి తిరిగింది. నేల మీద తెల్లగుడ్డ చుట్టలు ఇంకా సర్దకుండా పడున్నాయి. ఆదివారం నుంచి అరలన్నీ నిండుతున్నాయి, కింది అర మాత్రం ఎవరూ ఏమీ అనుకోకుండానే ఖాళీగా ఉండిపోయింది. అందులో అప్పుడే ఒక చీపురు చేరింది. కోడలు చుట్ట భుజాన వేసుకుని నిచ్చెన కోసం చూస్తోంది.

"ఎక్కడికే?"

"పైకత్తయ్యా. తెల్లగుడ్డ."

బయట వాన గట్టిగా పడుతోంది. లెక్కలక్క వంగి చీపురు తీసి అవతల పడేసింది. కోడలి భుజం మీది చుట్ట అందుకుని, నేలకి ఆనుకున్న కింది అరలో పెట్టి, అరచేత్తో లోపలికి నెట్టింది. ఇంకోటి అందుకుంది. కోడలు ఒక్క క్షణం చూసి, తనూ కింద కూర్చుంది. ఇద్దరూ కలిసి అర నింపారు.

"అక్కయ్యా," అని గోడ అవతల నుంచి తేనెసీసా. "నిచ్చెన మీ దగ్గరుందా?"

"బయటుంది. తీసుకో. నీ దగ్గరే ఉంచుకో ఇక."

అవతల అడుగుల చప్పుడు ఆగింది. "ఎందుకులెండి," అన్నాడు. ఆ తర్వాత కింద ఏదో జరుపుతున్న చప్పుడు, చుట్టలు దొర్లుతున్న చప్పుడు.

నిచ్చెన రెండు కొట్ల మధ్య గోడకి ఆనుకుని వానలో తడుస్తోంది. తీసి లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు.